పలకకూడని పేర్లు

జీపు మలుపు తిరిగి కొండ చాటుకు వెళ్లిపోయింది. దాని దుమ్ము మాత్రం ఇంకా మా గుమ్మం ముందు నిలబడి ఉంది.

లోపల, నేల మీద పరిచిన గుడ్డ దగ్గర, గిన్నెల్లో పోసిన చాయ్ పోసినట్టే ఉంది. రొట్టె ఎవరూ తుంచలేదు. పగవాడి ఇంటికి వెళ్లినా లేచేముందు చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకోవాలి. జిల్లా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ జుమాబేకోవ్ కుర్రాడు, తొందరలో మరిచిపోయాడనుకుందాం. ముకాష్ మరిచిపోయే మనిషి కాడు. డెబ్బై దాటినవాడు, ఊరి పెద్ద, వరసకి నాకు మరిది. అతను కూడా రొట్టె వంక చూడకుండానే లేచాడు.

నా కొడుకు ఎర్మెక్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కోడలు అనార్‌కుల్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టబోయి, మానేసి, మళ్లీ విడదీసింది.

మనవరాలు కుందుజ్ పరీక్షకు కూర్చున్న చోటే, కిటికీ కింద, పుస్తకాలు ముందు పేర్చుకుని కూర్చుని ఉంది. పదేళ్ల పిల్ల. ఏం జరిగిందో దానికి ఇంకా తెలియలేదు.

"అమ్మా, లెక్కలన్నీ కరెక్టేగా?"

"కరెక్టేనమ్మా."

"చదవడం కూడా, ఆయన చాలు చాలు అనేదాకా చదివాను."

"చదివావు."

"మరి ముకాష్ తాతకి కోపమెందుకొచ్చింది?"



పరీక్ష నిజానికి అయిపోయింది. ఇన్‌స్పెక్టర్ తన కాగితంలో గళ్లు నింపేసి, పెన్ను మూత పెట్టబోతున్నాడు. అప్పుడు ముకాష్ గడ్డం సవరించుకుంటూ, నవ్వుతూనే అడిగాడు. "అంతా బాగుంది తల్లీ. ఇంతకీ ఎవరి పిల్లవి నువ్వు? నీ ఏడుగురు తండ్రుల పేర్లు చెప్పు చూద్దాం."

ఏ ముసలాయనైనా ఏ పిల్లనైనా అడిగే మాటే అది. ఏడు తరాలు చెప్పలేనివాణ్ణి మావాళ్లు బానిస అంటారు.

కుందుజ్ లేచి, చేతులు కట్టుకుని, గడగడా చెప్పేసింది. ఒరోజ్, సెయిత్, మాంబెత్... ఏడు పేర్లూ, ఒక్కచోట తడబడకుండా.

ఒరోజ్ మా అనార్‌కుల్ తండ్రి.

నా ఇంట్లో, నా పొయ్యి దగ్గర నిలబడి, నా మనవరాలు కోడలి పుట్టింటి ఏడు తరాలు అప్పజెప్పింది. చెప్పి, మెచ్చుకుంటారని మా అందరి మొహాలూ చూసింది.

ముకాష్ నవ్వు గడ్డంలోనే ఇంకిపోయింది. "రాసుకో నాయనా," అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో. "ఈ ఇంట్లో చదువుంది. ఆ చదువు పిల్లకి తండ్రి లేకుండా చేసింది."

ఇన్‌స్పెక్టర్ ఇబ్బందిగా కదిలాడు. "పై లోయలో ఇంకో కాపరి ఇల్లుంది. చూసుకుని మూడు గంటల్లో ఇదే దారిన వస్తాం. ఊరి పెద్ద సంతకం లేకపోతే ఇంటి చదువుకి నేను ఒప్పుకోలేనక్కా. రూలది. పిల్ల బట్టలు సర్ది ఉంచండి. దారి మంచుతో మూసుకుపోయేలోపు హాస్టల్లో దింపాలి."

అంతే. రెండేళ్లుగా కోడలు ఎవరెవరి కాళ్లావేళ్లా పడి నిలబెట్టుకుంటూ వచ్చిన ఇంటి చదువు, మూడు గంటల గడువు దగ్గరికి వచ్చి ఆగింది.

"నా ఇంట్లో," అన్నాడు ఎర్మెక్ ఎట్టకేలకు. "నా కళ్ల ముందు. మీ నాన్న పేరుతో మొదలుపెట్టించావు."

"నేనేం మొదలుపెట్టించలేదు. పిల్ల తనకొచ్చినవి చెప్పింది."

"నువ్వు నేర్పినవి చెప్పింది."

"అవును, నేర్పాను. పిల్లకి మనుషులుండాలి కదా అని, నా నోటికి వీలున్నవాళ్లని నేర్పాను. మీవాళ్ల పేర్లు నేనెలా నేర్పేది? కోడల్ని, నేను అనొచ్చా? అనమను. ఇప్పుడే అంటాను, మీ అమ్మ ఎదురుగానే అంటాను."

నేను పొయ్యిలో ఇంకో పిడక వేశాను. అవసరం లేదు, మంట బాగానే ఉంది.

"తండ్రుల పేర్లు చెప్పాల్సింది తండ్రి," అంది అనార్‌కుల్. "ఒక్కనాడు పక్కన కూర్చోబెట్టుకున్నావా?"

"నువ్వు కాస్తావా గొర్రెల్ని? తెల్లారకముందు పోయి చీకటి పడ్డాక వస్తున్నా. అమ్మ చెప్పే ఉంటుందిలే అనుకున్నా."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నువ్వు చెప్పావనుకున్నానురా," అన్నాను. "తండ్రి బతికుండగా నానమ్మ చెప్పే పేర్లా అవి? అయినా నేను మాత్రం ఎలా చెబుతాను? నేనూ ఈ ఇంటి కోడల్నేగా."

అరవై ఆరేళ్ల కోడల్ని. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఆయన పేరు గానీ, ఆయన తండ్రి పేరు గానీ, ఆ పైవాళ్ల పేర్లు గానీ ఇంతవరకు నా నాలుక మీదికి రాలేదు. ఆయన్ని పిలవాలంటే గిన్నె గరిటెతో కొట్టేదాన్ని. ఆయన పలికేవారు.

"సరే," అంది అనార్‌కుల్. గొంతు తగ్గించింది. మా కోడలు తొమ్మిదేళ్లు, బడి మూసేసేదాకా, ఊళ్లో బడిపంతులమ్మగా చేసింది. జీతం బదులు పిండి బస్తాలు ఇచ్చిన సంవత్సరాల్లో కూడా బడి మానలేదు. పిల్లలు అల్లరి చేస్తే ఇలాగే గొంతు తగ్గించేదట. "ఇంకా టైముంది. దానికి ఒక్కసారి చెబితే చాలు, పట్టేస్తుంది. నేనూ అత్తయ్యా బయటికి పోతాం. నువ్వు చెప్పు."

ఎర్మెక్ కదల్లేదు.

"చెప్పు, నాన్నా," అంది కుందుజ్. ఒక కొత్త పుట తీసి పెన్సిల్ పట్టుకుంది.

వాడు వెళ్లి దాని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. గుండె మీద వేలు పెట్టుకుని తన పేరు చెప్పాడు. మేం గుమ్మం వైపు నడిచాం. తలుపు తీసేలోపే వాడు రెండో పేరు చెప్పాడు, మూడోది చెప్పాడు. నాలుగోది చెప్పి ఆగాడు.

పిల్ల పెన్సిల్ ఎత్తి ఎదురుచూసింది. "తర్వాత?"

ఎర్మెక్ తల మీది ఉన్ని టోపీ తీసి, మోకాలి మీద పెట్టుకుని, దాని అంచు సరిచేయడం మొదలుపెట్టాడు.

"తర్వాత ఎవరు, నాన్నా?"

"ముకాష్ బాబాయ్‌కి తెలుసు," అన్నాడు టోపీతో.

"పరీక్ష పెట్టినాయన్నే జవాబు అడుగుతావా?" అంది అనార్‌కుల్ వెనక్కి తిరిగి. ఆ తర్వాతే తనకి అర్థమైంది. నాకు కూడా. "నీకు... తెలీదా?"

"ఎలా తెలుస్తుంది?" వాడు తల ఎత్తలేదు. "ఏడేళ్లకి తీసుకుపోయి హాస్టల్లో వేశారు. పదేళ్లున్నా. సెలవులకొస్తే నాన్న మంద వెంట ఉండేవాడు, నేను నాన్న వెంట పరిగెత్తేవాణ్ణి. గాలిలో ఏం మాట్లాడుకుంటాం? హాస్టల్లో ఏడు తరాలంటే నవ్వేవాళ్లు. ముసలివాళ్ల గోల అనేవాళ్లు. అక్కడ నాయకుల పేర్లు నేర్పారు. కావాలంటే అవి చెబుతా. వరసగా చెబుతా, పుట్టిన తేదీలతో సహా."

ఎవరికీ నవ్వు రాలేదు.

"అలాంటిచోటికే ఇప్పుడు దీన్నీ పంపుదామంటావు," అంది కోడలు.

"అలాంటిచోట నేను బతకలేదా? నాకు అక్కడ నలుగురు స్నేహితులున్నారు. ఇవాళ్టికీ ఎక్కడ కనబడ్డా గుర్రం దిగి కావలించుకుంటారు. దీనికెవరున్నారు ఇక్కడ? గొర్రెపిల్లల్ని వరసలో నిలబెట్టి ఎక్కాలు చెబుతోంది."

"అవి వింటాయి నాన్నా," అంది కుందుజ్. "నల్లదొకటే వినదు."

అనార్‌కుల్ పెదవి కొరుక్కుంది. ఇందాక ఇన్‌స్పెక్టర్ సంచి సర్దుకుంటుంటే ఈ పిల్ల వెళ్లి మెల్లగా అడిగింది, "హాస్టల్లో నా అంత వాళ్లు ఎంతమందున్నారు?" అని. తల్లి విననట్టు నటించింది. నేను చూశాను.

"ఆ హాస్టల్లో యాభై మంది పిల్లలు లేకపోతే ఈ ఏడు మూసేస్తారు," అంది అనార్‌కుల్. "నలభై మందే ఉన్నారట. అందుకే జీపు ఇంటింటికీ తిరుగుతోంది. సంతకం పెట్టాల్సిన మావయ్య కోడలు అక్కడే వంటమనిషి. ఆయన ఏడు పేర్లు ఊరికే అడిగాడనుకుంటున్నావా?"

"పెద్దాయన్ని అనకు."

"అనను. సల్తనత్ చెవి సంగతి అననా?"



సల్తనత్ నా పెద్ద మనవరాలు. పన్నెండేళ్లప్పుడు తండ్రే గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని ఆ హాస్టల్లో దింపి వచ్చాడు. చలికాలంలో చెవిలో చీము పట్టింది. రెండు నెలలు పిల్ల దిండు మార్చుకుంటూ పడుకుంది. ఎవరూ చూడలేదు. వసంతంలో మంచు కరిగాక మేం వెళ్లేసరికి ఎడమ చెవి పోయింది. ఇప్పుడు రాజధానిలో పిన్నమ్మ దగ్గరుండి మందులు వాడుతోంది. వచ్చినప్పుడు మాట్లాడితే కుడివైపు తిరిగి వింటుంది.

ఎర్మెక్ లేచాడు. టోపీ పెట్టుకున్నాడు, కొరడా తీసుకున్నాడు. "మంద గట్టు మీదికి ఎక్కేసింది," అన్నాడు. వెళ్లిపోయాడు.

గుర్రం డెక్కల చప్పుడు దూరమయ్యేదాకా కోడలు కదల్లేదు. ఆ తర్వాత గబగబా గూట్లోంచి జీను సంచి దించి, కుందుజ్ స్వెట్టరు, మేజోళ్లు, రెండు పుస్తకాలు, ఎండు పెరుగు ఉండలు ఒక గుప్పెడు అందులో కుక్కింది.

"ఏం చేస్తున్నావు?"

"కనుమ దాటి మా పుట్టింటికి పోతున్నా. అది వేరే జిల్లా. ఈ కాగితాలు అక్కడ చెల్లవు."

"కనుమ మీద మబ్బు చూశావా?"

"చూశాను. నన్ను ఆపకండి అత్తయ్యా."

"ఆపడం లేదు. గుర్రాన్ని వాడు తీసుకుపోయాడు. మిగిలింది ముసలి ఆడగుర్రం. దానికి మంచులో దారి తెలీదు, నీకూ తెలీదు."

జీను సంచి చేతిలోంచి జారింది. కోడలు దాని పక్కనే నేల మీద కూలబడింది. ఏడవలేదు. కాసేపటికి, నా వైపు చూడకుండా, మామూలుగానే అంది.

"ఆ ఉత్తరం గుర్తుందా అత్తయ్యా?"

గుర్తుంది. లేదనలేకపోయాను.

"నేనొచ్చిన కొత్త. కాపురానికొచ్చి నెల కూడా కాలేదు. మావయ్యగారికి ఉత్తరమొచ్చింది. మీరు, ఎవరికమ్మా అన్నారు. నేను కవరు మీద ఉన్న పేరు పైకి చదివేశాను. బళ్లో చదివినట్టు."

"అనార్..."

"మూడు రోజులు మీరు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మా అమ్మని పిలిపించారు. మా అమ్మ ఆ గుమ్మం దగ్గర నిలబడి తల వంచుకుని, పెంచడం చేతకాలేదు, క్షమించమంది. అప్పుడనుకున్నాను, ఈ ఇంటి పేరు ఒక్కటి కూడా నా నోట రాదు అని. పదిహేనేళ్లయింది. రాలేదు."

అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు. కవరు మీద ఏముందో నాకు తెలియదు, కొత్త కోడలికి తెలుసు. నా కోపం పేరు పలికినందుకేనా? ఆ సంగతి అప్పుడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు నన్ను నేను అడుక్కున్నాను.

అనార్‌కుల్ లేచి నీళ్లు తేవడానికని బిందె తీసుకుని వెళ్లింది. బిందెలో సగం నీళ్లున్నాయి.

కుందుజ్ నా పక్కకు జరిగింది.

"నానమ్మా, నీకు ఏడూ తెలుసా?"

"తెలుసు."

తెలియకేం. పెళ్లిళ్లలో, చావుల్లో, మాంసం పంచే ప్రతి విందులో మగవాళ్లు చెప్పుకుంటుంటే యాభై ఏళ్లు వాకిట్లోంచి విన్నాను. 

"అయితే చెప్పు."

"చెప్పకూడదే."

"మెల్లగా చెప్పు. చెవిలో."

"చెవిలో చెప్పినా నోటితోనేగా చెప్పేది."

పిల్ల ఆలోచించింది. ముందున్న పుస్తకం చూసింది, నన్ను చూసింది. తండ్రి చెప్పిన నాలుగు పేర్లలో అది ఒక్కటీ రాయలేదు, ఏడూ అయ్యాక ఒకేసారి రాద్దామని పుట ఖాళీగా ఉంచింది. ఆ ఖాళీ పుట నా ఒళ్లో పెట్టింది. పెన్సిల్ నా వేళ్ల మధ్య ఇరికించింది.

రెండు చలికాలాలుగా తల్లి దీనికి పాఠం చెబుతుంటే, నేను పక్కన ఉన్ని వడుకుతూ వింటున్నాను. మొదటి చలికాలం ఊరికే విన్నాను. యుద్ధం రోజుల్లో మా ఈడువాళ్లకి బడి లేదు, సైన్యానికి మేజోళ్లు అల్లడమే బడి. రెండో చలికాలంలో ఒకరోజు కుందుజ్ ఒక మాట దగ్గర ఆగిపోతే, నేను కదురు తిప్పుతూనే అందించాను. తల్లీకూతుళ్లిద్దరూ నన్నే చూశారు. ఆ రోజు నుంచి నాకూ ఒక పెన్సిల్ ఇచ్చారు.

నోటితో అనకూడదు. చేతితో రాయకూడదని ఎవరూ చెప్పలేదు. మాలో ఆడవాళ్లకి రాయడం వస్తుందని ఆ కట్టుబాటు పెట్టినవాళ్లు అనుకుని ఉండరు.

తప్పో కాదో ఆ పూట తేల్చుకునే టైము నాకు లేదు. తలమీది గుడ్డ ముందుకు లాక్కుని, పుట అడుగున, అన్నిటికన్నా పాతవాడితో మొదలుపెట్టాను. ఏడోవాడు. దూరపువాళ్లని రాయడం తేలికే. వాళ్లని నేను చూడలేదు. ఒక్కో పేరూ ఒక్కో మెట్టు పైకెక్కుతూ నా కాపురం దగ్గరికి వచ్చింది. నాలుగోవాడి గురించి మా అత్త కథలు చెప్పేది. మూడోవాడు మా మామ. నా చేతి చాయ్ తప్ప తాగేవాడు కాదు. ఆయన పేరు రాసేటప్పుడు చెయ్యి ముందుకు సాగలేదు, ఆగి ఊపిరి పీల్చుకున్నాను.

రెండో గీత దగ్గర చెయ్యి పూర్తిగా ఆగిపోయింది.

"అక్షరాలు గుర్తు రావట్లేదా నానమ్మా?"

"గుర్తున్నాయి."

రాశాను. చూస్తే ఏముంది, కాసిని అక్షరాలు. ఆ మనిషితో ముప్ఫై ఏడేళ్లు బతికాను, ఇద్దరు బిడ్డల్ని పాతిపెట్టాను, ఒక్కణ్ణి పెంచాను. ఆయన పేరు ఎంత పొడవుంటుందో మొదటిసారి చూశాను.

పైన తండ్రి పేరు పిల్లే రాసుకుంది. ఆ తర్వాత పుట దగ్గరికి తెచ్చుకుని పైనుంచి కిందికి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. నేను చెవులు మూసుకుందామనుకున్నాను. మూసుకోలేదు.

తలుపు దగ్గర అలికిడైంది. అనార్‌కుల్ బిందెతో నిలబడి ఉంది. ఎంతసేపైందో. నా ఒళ్లో పెన్సిల్ చూసింది, పుటలో నా వంకర అక్షరాలు చూసింది. ఆ పేర్లే పదిహేనేళ్లుగా తన నోటికి నేను వేసిన తాళం. వచ్చి నా పక్కన కూర్చుని, నా చేతికంటిన పెన్సిల్ మసి తన తలగుడ్డ కొసతో తుడిచింది.

తర్వాత కూతురితో గట్టిగా అంది. "విను కుందుజ్. తాత వచ్చి అడిగితే ఈ ఏడే చెప్పు. పొద్దున చెప్పినవి ఎత్తకు."

"ఎందుకు? అవి తప్పా?"

"ఎత్తకు, అంతే."

జీపు వచ్చేసరికి సన్నగా మంచు మొదలైంది. ఇంజను ఆపితే మళ్లీ కదలదని ఇన్‌స్పెక్టర్ లోపలే కూర్చున్నాడు. ముకాష్ ఒక్కడే దిగి, బూట్లు దులుపుకుని లోపలికి వచ్చాడు. అతని వెనకే ఎర్మెక్. గట్టు మీంచి జీపుని చూసి గుర్రాన్ని తోలుకొచ్చినట్టున్నాడు. టోపీ మీద మంచు అలాగే ఉంది, భుజాలు ఎగసిపడుతున్నాయి.

"పిల్ల సిద్ధమేనా వదినా?" అన్నాడు ముకాష్. జీను సంచి చూశాడు.

"నువ్వు పొద్దున ఒకటి అడిగావు మరిదీ. జవాబు విని వెళ్లు."

"మూడు గంటల్లో తండ్రులు దొరికారా?" అన్నాడు. ఎత్తిపొడుపే. కానీ కూర్చున్నాడు.

కుందుజ్ చేతులు కట్టుకుని నిలబడింది. పుస్తకం చూడలేదు.

"ఎర్మెక్. కాసిమాలి. బెక్తెన్. జొల్చు."

ఎర్మెక్ గుమ్మంలో ఆగిపోయాడు.

"తులెబెర్ది. సారిబాయ్. ఎషిమ్."

ఆరో పేరు దగ్గర ముకాష్ వంశం, మా వంశం ఒకటవుతాయి. అక్కడికొచ్చేసరికి అతని పెదవులు కూడా చప్పుడు లేకుండా కదిలాయి.

"ఎవరు చెప్పారు?" అన్నాడు. "నీ తండ్రికి నాలుగు దాటి రావు. నాకు తెలుసు. వాడు పెళ్లికొడుకై కూర్చున్ననాడు నేనే చెవిలో అందించాను."

ఎర్మెక్ తల దించుకున్నాడు. పిల్ల నా వైపు చూసింది. నేను పుస్తకం తీసి అతని ముందు పెట్టాను. ముకాష్ కళ్లద్దాలు తీసుకుని చాలాసేపు చూశాడు. వంకర అక్షరాలు ఎవరివో అతను అడగలేదు.

"నా నోరు పలకలేదు మరిదీ," అన్నాను.

"వినబడింది," అన్నాడు. కోపమో మరేదో తెలియలేదు.

ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన కాగితం మడత విప్పి, పెన్ను తీశాడు. అప్పుడు మళ్లీ పిల్ల వైపు తిరిగాడు. "పొద్దున చెప్పినవి తప్పని ఒప్పుకో తల్లీ. అయిపోతుంది."

అనార్‌కుల్ కూతురికి కళ్లతో చెప్పింది, ఒప్పుకో అని. ఆ కళ్లు చూడలేక నేను పొయ్యి వైపు చూశాను.

"తప్పు కాదు తాతా," అంది కుందుజ్. "వాళ్లు మా అమ్మ తండ్రులు. నాకు ఇద్దరి వైపువాళ్లూ ఉన్నారు. మొత్తం పద్నాలుగు మంది."

బయట జీపు గుడగుడలాడుతోంది. ముకాష్ పిల్లని చూశాడు, కోడలిని చూశాడు. ఆ తర్వాత చెయ్యి చాపి, గుడ్డ మీద పొద్దుటినుంచి ఎండిపోతున్న రొట్టె అందుకుని, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. గట్టిగా ఉంది, నెమ్మదిగా నమిలాడు.

"అడిగిన ఏడూ చెప్పింది, అడగని ఏడూ చెప్పింది," అన్నాడు. "ఎక్కువ చెబితే తప్పని ఈ సర్కారు కాగితంలో ఎక్కడా రాయలేదు." సంతకం పెట్టాడు. పెట్టి, ఆ కాగితం ఎర్మెక్ వైపు జరిపాడు. "నాది అయింది. మా కోడలు నన్నేమంటుందో నేను చూసుకుంటా. ఇక్కడ రెండు గళ్లున్నాయి. ఇల్లు, హాస్టల్. తండ్రి ఏ గడిలో గీత పెడితే అదే. తొందరగా తేల్చు, దారి మూసుకుపోతోంది."

ఎర్మెక్ వచ్చి కూర్చున్నాడు. పెన్ను తీసుకున్నాడు. వాడు పెళ్లాం వంక చూడలేదు, నా వంక చూడలేదు. వాడి మనసులో ఏ గడి ఉందో కన్నతల్లిని, నాకే తెలియలేదు. స్నేహితుల సంగతి చెప్పినప్పుడు వాడి గొంతు అబద్ధం చెప్పలేదు. సల్తనత్ చెవి కూడా అబద్ధం కాదు.

బయట హారన్ మోగింది.

ఎర్మెక్ పెన్ను కాగితం మీద ఆనించి, ఎత్తి, కూతురి వైపు తిరిగాడు.

"ఐదో పేరు మళ్లీ చెప్పు."

"తులెబెర్ది."

"తులెబెర్ది," అన్నాడు వాడు. కొత్త పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, కళ్లు మూసుకుని. "ఆ తర్వాత?"

"సారిబాయ్."

"సారిబాయ్."

హారన్ మళ్లీ మోగింది. ఈసారి ఆపకుండా మోగుతూనే ఉంది. మాలో ఎవరూ లేవలేదు.